పాత బుల్లెట్టు, కొత్త దారి

గోలకొండ నుండి మచిలీపట్నం రేవుకు పూర్వం వర్తకుల బిడారులు నడిచిన దారి కృష్ణాజిల్లా మెట్టసీమ మీదుగానే సాగేది. నేటి జాతీయ రహదారి కూడ దాదాపు ఆ వైపునే పోతున్నది. విజయవాడ నుండి హైదరాబాదుకు బయలుదేరినవారికి కంచికచర్ల దాటిన పిమ్మట నందిగామ, అక్కడికి సుమారు 30 కి.మీ. దూరంలో జగ్గయ్యపేట వస్తవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఈ రెండు ఊళ్ళూ ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి గాని, కృష్ణాజిల్లా మెట్ట అన్న మాట జనం నోట నిలిచే ఉన్నది. పత్తి, మిరప, కంది పండే ఈ నేలలో చేలు దూరం, ఎండ తీవ్రం, దుమ్ము దట్టం. ఇట్టి చోట దూరప్రయాణాలకు తగిన గట్టి మోటారు సైకిలు విలాసవస్తువు కాదు. ఎద్దులజత వలె ఇంటి ఆస్తిలో ఒక భాగం.

అట్టి బండ్లలో మొదట చెప్పవలసినది బుల్లెట్టు. ముప్పది నలుబది ఏండ్లు గడచినా దానిని విడువలేక, వసారాలో నిలబెట్టి తామే విప్పి బిగించుకొనేవారు నేటికీ ఉన్నారు. వారి ముందున్న ప్రశ్న ఒకటే. ఈ పాత యంత్రం కొత్త కాలంలో క్షేమంగా నడుస్తుందా? ఈ ప్రశ్నకు సమాధానం దాని చరిత్రలోనే ఉన్నది. బండి తయారైన నాడు ఎట్లున్నదో నేడూ అట్లే ఉన్నది. మారినవి దాని చుట్టూ ఉన్న దారి, దీపం, పెట్రోలు, చట్టం. కాబట్టి ఇంటివద్ద చేసే పనిని రెండుగా విభజించి చూడవలె. నిర్మాత నిర్ణయించిన కొలతలను నిలుపుకోవడం సంరక్షణ. నిర్మాత నాడు ఊహింపని పరిస్థితికి తగినట్లు సవరించుకోవడం మెరుగుదల. మొదటిది చేయక రెండవదానికి పూనుకోవడం, పునాది కుంగిన ఇంటిపై మేడ లేపడం వంటిది.

రెడిచ్ నుండి తిరువొత్తియూరుకు

ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీ 1901లో తన తొలి మోటారు సైకిలును తయారు చేసింది. బుల్లెట్టు అన్న పేరు 1932లో వచ్చింది. అయితే మన దేశం ఎరిగిన బుల్లెట్టుకు మూలం 1948 నాటిది. అంతవరకు చాల మోటారు సైకిళ్ళకు ముందు చక్రం వద్దనే స్ప్రింగు ఉండేది. వెనుక చక్రం చట్రానికి కదలకుండ బిగించి ఉండేది. గుంత తగిలినప్పుడల్లా ఆ దెబ్బ నేరుగా నడిపేవాని వెన్నెముకకు చేరేది. 1948లో రెడిచ్ ఇంజనీర్లు వెనుక చక్రాన్ని ఊగే చేతికి అమర్చి, దానిని స్ప్రింగుల మీద నిలిపి పరీక్షించారు. ఆ పద్ధతితో 350 తరగతి బుల్లెట్టు 1949లో అమ్మకానికి వచ్చింది. దూరప్రయాణానికి అది తగిన బండి కావడానికి మొదటి కారణం ఇదే.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన సైన్యానికి సరిహద్దుల్లో తిరగగల గట్టి మోటారు సైకిలు కావలసి వచ్చింది. మద్రాసు మోటార్సు అనే సంస్థ ద్వారా బుల్లెట్టు మన దేశానికి రాసాగింది. 1955లో ఆ సంస్థ, రెడిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించినవి. మద్రాసు ప్రక్కన తిరువొత్తియూరులో కర్మాగారం లేచింది. త్యాగరాజస్వామి త్రిపురసుందరిపై పంచరత్నాలు రచించిన క్షేత్రంగా తెలుగువారు ఎరిగిన ఊరే అది. మొదట విడిభాగాలు ఇంగ్లండు నుండి ఓడలో వచ్చేవి. 1956 చివరకు అక్కడ తయారైన బండ్లు 163 మాత్రమే. 1957లో భాగాలను పోతపోసి కోసే పనిముట్లు కూడ వచ్చినవి. 1962 నాటికి భాగాలన్నీ ఇక్కడనే తయారు కాసాగినవి.

తరువాత కథ తారుమారైంది. 1967లో రెడిచ్ కర్మాగారం, 1970లో ఇంగ్లండులో మిగిలిన చివరి కర్మాగారం మూతపడినవి. తల్లి పోయినా బిడ్డ బ్రతికింది. 1977లో మద్రాసు బుల్లెట్టు ఇంగ్లండుకే ఎగుమతి అయింది. 1955 నాటి నమూనా మౌలికంగా మారకుండ దశాబ్దాల పాటు తయారవుతూ రావడం వల్ల ఒక మేలు కలిగింది. ఒక తరం బండికి చేసిన భాగం చాలవరకు మరొక తరం బండికి సరిపోయేది. పల్లెటూరి మెకానిక్కు ఒక బండిని నేర్చితే అన్నిటినీ నేర్చినట్లే. పాత బుల్లెట్టు ఇంటి వసారాలో బ్రతికి ఉండడానికి ఇది ముఖ్యకారణం.

కొలతలే ప్రాణం

ఈ యంత్రం లోపల ఏమున్నదో చూడవలె. సిలిండరు లోపలి వ్యాసం 70 మి.మీ., పిస్టను క్రిందికీ మీదికీ కదిలే దూరం 90 మి.మీ. వ్యాసార్ధ వర్గాన్ని పై విలువతోను ఎత్తుతోను గుణిస్తే 346 ఘనసెంటీమీటర్లు వస్తుంది. వ్యాసం కంటె కదలిక పొడవు ఎక్కువ కాబట్టి ఈ యంత్రం నెమ్మదిగా తిరిగి బలంగా లాగుతుంది. దాని శక్తి 18 అశ్వశక్తులు. శబ్దం గంభీరమే గాని, పరిమాణాన్ని బట్టి చూస్తే ఆ శక్తి తక్కువే. ఆ తక్కువదనమే దాని ఆయుర్దాయం.

ఇంటివద్ద చేయవలసిన మొదటి పని టాపెట్ల సర్దుబాటు. పెట్రోలు ఆవిరిని లోనికి వదిలే వాల్వు ఒకటి, పొగను బయటికి పంపే వాల్వు ఒకటి. వీటిని రెండు సన్నని కడ్డీలు తెరుస్తవి. యంత్రం పూర్తిగా చల్లారి ఉండగా, రెండు వాల్వులూ మూసి పిస్టను శిఖరాన ఉండేటట్లు నిలిపి, ప్రక్క మూత తీసి, కడ్డీని రెండు వ్రేళ్ళతో త్రిప్పి చూడవలె. కడ్డీ సులువుగా తిరగవలె గాని పైకీ క్రిందికీ ఆడరాదు. వదులైతే టక్కుటక్కుమని చప్పుడు వస్తుంది, అంతే. బిగువైతే మాత్రం ప్రమాదం. పొగ వాల్వు తనలోని వేడిని ఎక్కువ భాగం తాను ఆనుకునే సీటు ద్వారానే వదులుకుంటుంది. కడ్డీ బిగిసి వాల్వు పూర్తిగా మూయకపోతే ఆ వేడికి దారి ఉండదు. వాల్వు అంచు మాడిపోతుంది. అందుచేత చప్పుడు చేసే టాపెట్టు కంటె చప్పుడే చేయని టాపెట్టును ఎక్కువ అనుమానించవలె.

రెండవది నూనె. ఈ బండిలో నూనె యంత్రపు అడుగుపెట్టెతో కలిపి పోతపోసిన ఒక అరలో ఉంటుంది. ఒక పంపు దానిని కదిలే భాగాలకు పంపగా, మరొక పంపు తిరిగి అరలోనికి చేరుస్తుంది. బండి చాలరోజులు కదలక నిలిచినప్పుడు నూనె మెల్లగా యంత్రం అడుగుకు జారిపోతుంది. అప్పుడు మట్టపు పుల్ల ముంచి చూస్తే నూనె తగ్గినట్లు కనబడుతుంది. తొందరపడి పైన పోసినవారు, బండి నడిచాక నూనె పొంగి బయటికి చిమ్మడం చూచి ఆశ్చర్యపడుతారు. కొన్ని కిలోమీటర్లు నడిపి వచ్చి, నూనె అరకు తిరిగి చేరిన పిమ్మటనే మట్టం చూడవలె.

మూడవది గొలుసు. క్రింది వరుస నడుమ వ్రేలితో ఎత్తి దించితే సుమారు 25 మి.మీ. ఆడవలె. గొలుసు అన్నిచోట్లా ఒకేవిధంగా సాగదు. కాబట్టి చక్రాన్ని త్రిప్పుతూ మిక్కిలి బిగువుగా ఉన్నచోట కొలవవలె.

బండి మీటరు ప్రక్కన ఉండే అమ్మీటరు కూడ చిన్న ప్రయోగశాల వంటిదే. తాళం తిప్పి కిక్కును మెల్లగా నొక్కుతుంటే ముల్లు ఒకవైపు వాలుతుంది. పాయింట్లు విడివడగానే ప్రవాహం ఆగి ముల్లు నడిమికి వస్తుంది. కాలి క్రింద ఒత్తిడి బిగిసిన సమయంలో ముల్లు నడుమ నిలిచిందంటే పిస్టను శిఖరానికి చేరువలో ఉన్నదన్నమాట. అప్పుడు డీకంప్రెసరు మీట నొక్కి పిస్టనును కొంచెం దాటించి, కిక్కును పైకి రానిచ్చి తన్నితే బండి లేస్తుంది. బుల్లెట్టు లేవాలంటే బలం కావాలన్నది అపోహ. కావలసినది పిస్టను ఎక్కడ ఉన్నదో తెలియడం.

నిప్పురవ్వ కథ

పాయింట్ల పద్ధతికి మూలపురుషుడు అమెరికాకు చెందిన చార్లెస్ కెటరింగ్. ఆయన రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910 నాటి కాడిలాక్ కార్లలో అమరింది. తీగచుట్టలో ప్రవాహం సాగుతుండగా దానిని హఠాత్తుగా తెంచితే అయస్కాంతక్షేత్రం కూలిపోయి, ప్రక్కనే ఉన్న రెండవ చుట్టలో వేల ఓల్టుల పీడనం పుడుతుంది. ఆ పీడనమే ప్లగ్గు కొన వద్ద నిప్పురవ్వ. తెంచే పని పాయింట్లది. తెంచినచోట మంట లేవకుండ ఆపడం కండెన్సరు పని.

బుల్లెట్టులో పాయింట్లు పూర్తిగా విడినప్పుడు నడుమ సందు 0.35 నుండి 0.40 మి.మీ. ఉండవలె. ఇంత చిన్న కొలత ఎందుకు ముఖ్యం? పాయింటును త్రోసే పీచుముక్క కామ్ మీద ఒరుసుకొని అరుగుతూ ఉంటుంది. అది అరిగినకొలది సందు తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా విడుతవి. నిప్పురవ్వ ఆలస్యమైతే మండిన వాయువు పిస్టనును తోయవలసిన అదను తప్పిపోతుంది. శక్తి తగ్గి, పొగగొట్టం వేడెక్కుతుంది. పెట్రోలు ఎక్కువ త్రాగుతున్నదని కార్బురేటరును తిట్టేవారు చాలసార్లు తిట్టవలసినది ఈ పీచుముక్కనే.

పిస్టను శిఖరానికి 0.8 మి.మీ. దిగువన ఉండగా, అడ్వాన్సు బరువులు విచ్చుకొనక ముందటి స్థితిలో, పాయింట్లు విడిపోవడం మొదలు కావలె. దీనిని కనిపెట్టడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. సిగరెట్టు కాగితం ముక్కను పాయింట్ల నడుమ ఉంచి మెల్లగా లాగుతూ యంత్రాన్ని త్రిప్పితే, అవి విడివడిన క్షణాన కాగితం జారి వస్తుంది.

ఇక్కడ వచ్చే మెరుగుదల ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. పాయింట్ల స్థానంలో ఒరిపిడి లేని స్పర్శకము, ప్రవాహాన్ని తెంచే ట్రాన్సిస్టరు వస్తవి. అరిగే ముక్కే లేదు కాబట్టి సందు మారదు. ఇది నిజమైన లాభం. కాని పాయింట్లు చెడితే దారిప్రక్కన రాసి నడిపించుకోవచ్చు. ఎలక్ట్రానిక్ పెట్టె చెడితే దానిని మార్చడం తప్ప మరొక మార్గం లేదు. అందువల్ల దూరప్రయాణం చేసేవారు పాత పాయింట్ల పళ్ళెం, కండెన్సరు సంచిలో ఉంచుకొనడం మంచిది. పైగా అరిగిన అడ్వాన్సు బరువులు అట్లే ఉంచి ఎలక్ట్రానిక్ పెట్టె అమర్చితే నిప్పురవ్వ ఖచ్చితంగా తప్పు వేళకే పుడుతుంది.

దుమ్ము పెట్టే పరీక్ష

జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి నేల. జయంతిపురం వంటి చోట్ల సిమెంటు కర్మాగారాలు వెలసినవి. తెల్లదుమ్మును చూచి అదే యంత్రానికి శత్రువని తోస్తుంది. కాఠిన్యాన్ని కొలిచే మోస్ పట్టికలో సున్నపురాయిలోని కాల్సైటు స్థానం 3 మాత్రమే; మామూలు నేలలో ఉండే ఇసుకరేణువు, అనగా క్వార్ట్జ్, స్థానం 7. సిలిండరు గోడను గీకేది ఎక్కువగా ఈ రెండవదే. కంటికి ఆనని చేలబాట దుమ్మే అసలు దొంగ.

యంత్రం నిమిషానికి 3,000 సార్లు తిరుగుతూ నిండుగా గాలి పీల్చితే, రెండు చుట్లకు ఒకసారి 346 ఘ.సెం.మీ. చొప్పున నిమిషానికి 500 లీటర్లకు పైగా గాలి లోనికి పోతుంది. కొందరు శబ్దం కోసం, వేగం కోసం గాలిపెట్టె తీసివేసి చిన్న శంకువు వంటి జల్లెడ తగిలిస్తారు. కార్బురేటరు జెట్టు మార్చకుండ ఇట్లు చేస్తే మిశ్రమం పలుచబడి యంత్రం వేడెక్కుతుంది. నాసిరకం జల్లెడ అయితే దుమ్ము కూడ లోనికి పోతుంది. మెట్ట సీమలో ఇది మెరుగుదల అనిపించుకోదు. గాలిపెట్టెను ఉంచి, దాని అతుకుల వద్ద సందులు లేకుండ చూచి, జల్లెడను పుస్తకంలో చెప్పిన గడువు కంటె ముందే శుభ్రం చేయడం వేయి రెట్లు మేలు.

దీపం

పాత బుల్లెట్టు విద్యుత్తు 6 ఓల్టులది. రాత్రివేళ ఆ దీపం గుడ్డిగా వెలగడం అందరూ ఎరిగినదే. కారణం లెక్కవేసి చూడవచ్చు. 36 వాట్ల దీపానికి 6 ఓల్టుల వద్ద 6 ఆంపియర్లు కావలె. 12 ఓల్టుల వద్ద 3 ఆంపియర్లు చాలును. తుప్పు పట్టిన ఒక అతుకులో నిరోధం ఓములో పదవవంతు ఉన్నదనుకొందాం. మొదటి సందర్భంలో అక్కడ 0.6 ఓల్టు నష్టం, అంటే 10 శాతం. రెండవ సందర్భంలో 0.3 ఓల్టు నష్టం, అంటే రెండున్నర శాతం. తంతుదీపం వెలుగు ఓల్టుల కంటె చాల త్వరగా తగ్గుతుంది. 10 శాతం ఓల్టులు పోతే వెలుగులో సుమారు 30 శాతం పోతుంది. రెండున్నర శాతం పోతే 8 శాతమే తగ్గుతుంది.

ఈ లెక్క రెండు పాఠాలు చెబుతుంది. మొదటిది: బ్యాటరీ కొనకముందే అతుకులన్నీ విప్పి గీకి, ఎర్తు తీగను చట్రం లోహానికి నేరుగా తగిలేటట్లు బిగించవలె. పైసా ఖర్చు లేని మెరుగుదల ఇది. రెండవది: 12 ఓల్టులకు మారదలచినవారు బ్యాటరీతో పాటు బల్బులు, హారను, ఇగ్నిషన్ కాయిలు, రెగ్యులేటరు అన్నీ కలిపి మార్చవలె. పాత కాయిలును అట్లే ఉంచితే దానిగుండా ప్రవాహం రెట్టింపై అది కాలిపోతుంది.

ఇక ఇప్పుడు అంగళ్ళలో దొరికే ఎల్.ఇ.డి. బల్బుల విషయం. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వెలుగు ఇవ్వడం నిజమే. కాని పాత దీపపు అద్దం ఒక సన్నని తంతువు నిర్ణీతస్థానంలో ఉంటుందని ఎంచి చేసినది. వెలుగు పుట్టే చోటు కొంచెం జరిగినా కాంతి నేల మీద పడక ఎదుటివాని కంటిలో పడుతుంది. గోడ ముందు బండి నిలిపి, వెలుగు అంచు ఎక్కడ తెగుతున్నదో చూచుకొని, అది సరిగా తెగకపోతే ఆ బల్బును వాపసు చేయడమే ధర్మం.

దారి మారింది

బుల్లెట్టు వచ్చిననాటి దారి సన్ననిది. ఎడ్లబండ్లు, చెట్లనీడ, అక్కడక్కడ గతుకులు ఉండేవి. దానంతట అదే వేగానికి కళ్ళెం వేసేది. ఒకనాటి 9వ నంబరు జాతీయ రహదారి 2010లో 65వ నంబరు పొందింది. హైదరాబాదు వైపు నుండి నందిగామ వరకు నాలుగు వరుసల దారి 2012 చివరలో సిద్ధమైంది. చిల్లకల్లు వద్ద సుంకపు ద్వారం దాటగానే నున్నని నల్లదారి పరచుకొని ఉంటుంది. గంటకు 50 కి.మీ. వేగంతో పోయే బండిని ఆ దారి 80 కి.మీ.కు పిలుస్తుంది.

ఆ పిలుపు వెల ఎంతో చూడవలె. బండి, ఇద్దరు మనుషులు కలిసి 300 కిలోలు అనుకొందాం. గంటకు 50 కి.మీ. వద్ద గతిశక్తి సుమారు 29,000 జౌళ్ళు, 80 కి.మీ. వద్ద 74,000 జౌళ్ళు. వేగం ఒకటిన్నర రెట్ల కంటె కొంచెమే పెరిగింది. బ్రేకు వేడిగా మార్చవలసిన శక్తి రెండున్నర రెట్లు దాటింది. సెకనుకు సెకనుకు 4 మీటర్ల చొప్పున వేగం తగ్గించగల బ్రేకు అయితే, మొదటి వేగం నుండి ఆగడానికి 24 మీటర్లు చాలును. రెండవ వేగం నుండి ఆగడానికి 62 మీటర్లు కావలె. బ్రేకు పట్టాలని తోచడానికి ఒక సెకను పడితే మరి 22 మీటర్లు అదనం.

పాత బుల్లెట్టుకు ముందు వెనుకల డ్రమ్ము బ్రేకులే. వాడకం ఎక్కువైతే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు తగ్గుతుంది. అందుచేత ఈ దారి మీద తిరిగే పాత బండికి మెరుగుదల చేయదలచితే మొదటి రూపాయి బ్రేకు మీదనే పెట్టవలె. కోలగా అరిగిన డ్రమ్మును లేతుపై గుండ్రంగా కోయించడం, లైనింగు డ్రమ్ముకు పూర్తిగా ఆనేటట్లు రాయించడం, సాగిన కేబులు మార్చడం మొదటి మెట్టు. బ్రేకు పట్టిన స్థితిలో కేబులుకూ డ్రమ్ము మీది చేతికీ నడుమ కోణం 90 డిగ్రీలు ఉండవలె. అప్పుడే చేతిబలం అంతా త్రిప్పే బలంగా మారుతుంది. రెండు బూట్లూ చక్రం తిరిగే దిక్కుననే తెరుచుకొనే ముందు బ్రేకును తరువాతి కొన్ని బండ్లకు అమర్చారు. పాత బండికి దానిని తగిలించడం రెండవ మెట్టు. డిస్కు బ్రేకు దీనికి మించినది. 1969లో హోండా సి.బి. 750 ద్వారా అది సామాన్యుల మోటారు సైకిలుకు చేరింది. అయితే దానికి ముందు ఫోర్కు, చక్రం కూడ తగినవి కావలె. ఇంటి వసారాలో వెల్డింగు చేసి తగిలించే పని కాదు.

ఒక హెచ్చరిక. పాతకాలపు లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తులలో చేరితే తీరని వ్యాధి కలుగుతుంది. డ్రమ్ము విప్పినప్పుడు నోటితో ఊదడం, గాలిగొట్టం పెట్టడం కూడదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను మూటకట్టి పారవేయవలె. పసిపిల్లలను దగ్గరకు రానీయరాదు. మరొక సంగతి: పాత బుల్లెట్టుకు గేరు కుడికాలి క్రింద, వెనుక బ్రేకు ఎడమకాలి క్రింద ఉంటవి. నేటి బండ్లకు ఇది తారుమారు. రెండు రకాలూ నడిపే ఇంట ఆపద సమయంలో కాలు తప్పు మీటను వెదకుతుంది. కొత్తగా ఎక్కినవారు ఊరి బాటలో కొన్నాళ్ళు అలవాటు పడిన తరువాతనే రహదారికి రావలె.

పెట్రోలు మారింది

1921లో కెటరింగ్ ప్రయోగశాలలోనే పనిచేసిన థామస్ మిడ్జ్‌లీ, పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపితే యంత్రంలో కొట్టుడు ఆగుతుందని కనుగొన్నాడు. సీసం మరొక పని కూడ చేసేది. వాల్వుకూ దాని సీటుకూ నడుమ పలుచని పొరగా పేరుకొని అరుగుదలను ఆపేది. కాని సీసం పిల్లల మెదడుకు విషం. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరి 1 నుండి ఆగింది. 2021 నాటికి ప్రపంచంలో వాహనాల పెట్రోలు నుండి సీసం పూర్తిగా తొలగింది. ఇది మానవజాతికి మహోపకారం.

పాత బుల్లెట్టుకు దీనివల్ల వచ్చే చిక్కు చిన్నది, కాని గమనింపదగినది. సీసపు పొర లేక సీటు అరిగితే వాల్వు లోతుకు దిగుతుంది. దిగినకొలది టాపెట్టు కడ్డీ బిగుసుకుంటుంది. కాబట్టి పొగ వాల్వు కడ్డీ మాటిమాటికి బిగుస్తున్నదని ఇంటివద్దనే తెలిసినచో, తల విప్పి గట్టి సీటు వేయించవలసిన అదను వచ్చిందని గ్రహించవచ్చు. సంరక్షణ కొలతే మెరుగుదల అవసరాన్ని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

రెండవ మార్పు ఎథనాలు. పెట్రోలులో 10 శాతం కలపాలన్న లక్ష్యం మన దేశంలో 2022లో నెరవేరింది. 2025 నాటికి ఇది 20 శాతానికి చేరింది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావలె. కిలో ఎథనాలుకు 9 కిలోలే చాలును. 20 శాతం మిశ్రమానికి ఇది సుమారు 13.5 అవుతుంది. అనగా వట్టి పెట్రోలుకు సర్దిన పాత కార్బురేటరు ఇప్పుడు ఇంధనాన్ని ఇంచుమించు 8 శాతం తక్కువగా ఇస్తున్నట్లు లెక్క. ప్లగ్గు విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. లేత కాఫీరంగు ఉంటే మిశ్రమం సరి. సున్నం పూసినట్లు తెల్లగా ఉంటే పలుచన. అప్పుడు మెయిను జెట్టును ఒక అంకె పెద్దది వేసి మళ్ళీ చూడవలె. ఎథనాలు నీటిని పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరును మెత్తబరుస్తుంది. అందువల్ల దానికి తట్టుకునే పెట్రోలు గొట్టం వేసుకోవలె. నెలల తరబడి బండి కదపనప్పుడు కార్బురేటరు గిన్నె ఖాళీ చేయవలె.

వరదనీటిలో

మెట్టప్రాంతం అయినా ఈ సీమకు వరద కొత్త కాదు. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచిపోయినవి. నీట మునిగిన బండిని వెంటనే కిక్కు కొట్టడం ఘోరమైన పొరపాటు. గాలి అణగుతుంది, నీరు అణగదు. సిలిండరులో నీరు ఉండగా పిస్టను పైకి వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు ప్లగ్గు విప్పి, యంత్రాన్ని చేతితో మెల్లగా త్రిప్పి నీరు బయటికి పంపవలె. నూనె మజ్జిగవలె తెల్లబారి ఉంటే మొత్తం తీసివేసి కొత్తది పోయవలె. బ్రేకు డ్రమ్ములు, చక్రాల బేరింగులు విప్పి ఆరబెట్టి కొత్త గ్రీజు పెట్టవలె. ఆ పిమ్మటనే నిప్పురవ్వ మాట.

చట్టం, వివేకం

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లుతుంది. తరువాత బండిని పరీక్ష చేయించి ఐదేండ్లకొకసారి పొడిగించుకోవలె. అదే చట్టంలోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు నిర్మాత ఇచ్చిన వాటికి భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదని చెబుతుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీనిని స్పష్టం చేసింది. చట్రం కోసి పొడిగించడం, అనుమతి లేకుండ మరొక ఇంజను దించడం, చెవులు పగిలే సైలెన్సరు తగిలించడం నేరాలు. శాస్త్రదృష్టితో చూచినా ఇవి దండుగే. 18 అశ్వశక్తుల కోసం రూపొందిన బ్రేకు, ఫోర్కు, బేరింగులకు అంతకు మించిన భారం పెట్టడం అవివేకం.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ఒక వరుస తేలుతుంది. మొదట కొలతలు: టాపెట్టు, పాయింట్లు, నూనె, గొలుసు. తరువాత బ్రేకు, టైర్లు. టైరు గాళ్ళు మిగిలి ఉన్నా రబ్బరు ఏండ్లకు గట్టిపడి బీటలు వారుతుందని మరువరాదు. ఆ పైన దీపం, తీగలు. ఆ పైన ఇంధనానికి తగిన సవరణ. చిట్టచివర, అన్నీ సరిగా ఉన్నవని తేలిన తరువాత, సుఖానికీ అందానికీ సంబంధించినవి. చాలమంది ఈ వరుసను తలక్రిందులుగా పట్టుకొని మెరిసే భాగాలతో మొదలుపెడుతారు. దారిలో ఆగిపోయే బండ్లు ఎక్కువగా వారివే.

ఏ పని చేసినా తేదీ, మీటరు అంకె, కొలత ఒక పుస్తకంలో వ్రాసి ఉంచవలె. ఆరు నెలలలో పాయింట్ల సందు ఎంత తగ్గింది, వేయి కిలోమీటర్లకు నూనె ఎంత పోయింది, కడ్డీ ఎన్నిసార్లు బిగిసింది అన్నది జ్ఞాపకం చెప్పలేదు, పుస్తకం చెబుతుంది. బండి తండ్రి నుండి కొడుక్కు, అన్న నుండి తమ్మునికి సంక్రమించే ఇండ్లలో తాళపుచెవితో పాటు ఆ పుస్తకం కూడ చేతులు మారవలె. ఇంగ్లండులో కర్మాగారాలు మూతపడినా తిరువొత్తియూరులో బుల్లెట్టు బ్రతికింది. ఆ యంత్రం కొలతలూ పనిముట్లూ సకాలంలో ఇక్కడికి చేరడమే అందుకు కారణం. నందిగామ, జగ్గయ్యపేటల వసారాలలోని పాత బండ్లకు కూడ అదే వర్తిస్తుంది.